ఇంటి పసుపు వేరే

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇది మూడో రోజు. అన్నం ముద్ద నోటి దగ్గరకు తీసుకుపోతే చాలు, నాగశ్రీ తల తిప్పేసుకుంటోంది. కాసేపు ఆడుతుంది. ఉన్నట్టుండి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని చాప మీద పడుకుంటుంది. ఏడిస్తే ఎత్తుకుని ఊరడించవచ్చు. ఇది ఏడవదు, మూలుగుతుంది. మూడేళ్ళు నిండని పిల్ల ముసలివాళ్ళలా మూలుగుతుంటే వినలేకపోతున్నాను.

అత్త మిరపకాయలతో దిష్టి తీసింది. పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదట. "సూడు, ఎంత దిష్టి ఉండాదో" అంది.

ఇంట్లో ఎవరూ లేరు. అందరూ గోడౌన్లో ఉన్నారు. పసుపు సీజను, చుట్టుపక్కల పల్లెల నుంచి కొత్త కొమ్ములు దిగుతున్నాయి. మామకు ఎవరో వ్యాపారి ఇచ్చిన డైరీ అలమారలో ఖాళీగా పడి ఉంటే తీశాను. ఏదో ఒకటి రాస్తూ ఉంటే చేతులు ఊరుకుంటాయని.

ఫిబ్రవరి 17

పోయిన దీపావళికి పాప మాటలు లెక్కపెట్టాను. నలభై మూడు. కాకి, పిల్లి, చెప్పు, జేజి అన్నీ వచ్చేవి. ఈ వారం నేను విన్నవి: తాత, పాలు, వద్దు, తాత.

తాత రెండుసార్లు రాశాను. అంటే మూడే.

మా ఆయన్ని అడిగితే, "ఒక్కొక్కరు అట్లే విద్యా. నేను నాలుగేండ్లకు గానీ మాట్లాడలేదంట. ఇప్పుడు మాట్లాడడంల్యా?" అని నవ్వాడు. కిరణ్‌కుమార్ అంటే మైదుకూరు బజారులో మాటకారి అని పేరు. నిజమే.

ఫిబ్రవరి 21

ఊళ్ళో డాక్టరు నులిపురుగుల మందు ఇచ్చాడు. తగ్గింది. కొంచెం తగ్గింది.

ఫిబ్రవరి 25

తగ్గలేదు. నాలుగు రోజులుగా విరేచనం కాలేదు. ముఖం తెల్లగా పాలిపోయింది. నిన్న ఊరికే నా చెయ్యి కొరికింది. రక్తం వచ్చేదాకా.

ఒక్క పొద్దుటి పూటే హుషారుగా ఉంటుంది. మామ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, దాన్ని భుజం మీద ఎత్తుకుని గోడౌన్‌కు పోతాడు. బోణీ అయ్యేటప్పుడు మనవరాలు ఎదురుగా ఉండాలి ఆయనకు. కొమ్ముల రాశి మీద కూర్చోబెడతాడు. పాలిష్ డ్రమ్ము తిరుగుతుంటే చప్పట్లు కొడుతుంది. ఒక కొమ్ము చేతికిస్తే చీకుతూ కూర్చుంటుంది. తిరిగి వచ్చేసరికి చేతులు, ముక్కు, నాలుక అంతా పచ్చన. "బంగారు బొమ్మను తెచ్చినా, తీసుకో తల్లీ" అని నా చేతిలో పెడతాడు.

మామ పేరు నాగసుబ్బయ్య. తన పేరులో సగం పాపకు పెట్టుకున్నాడు. అంత ప్రేమ.

మార్చి 4, మంగళవారం

కడప పోయి వచ్చాము. పిల్లల డాక్టరు లక్ష్మీప్రియ గారు. పాప కనురెప్ప లాగి చూసి, "రక్తం చాలా తక్కువగా ఉంది" అన్నారు. బంతి ఇచ్చారు, విసరమన్నారు, పిలిచారు, కుక్క బొమ్మ చూపించి ఇదేమిటని అడిగారు. పాప నా కొంగులో తల దూర్చుకుంది. దీపావళికి బౌబౌ అనేది. అప్పుడు అనేదని డాక్టరు గారికి మూడుసార్లు చెప్పాను.

తరువాత ఆమె ప్రశ్నలు. కాటుక పెడతావా? ఏది? నాటు మందులు? ఇంటికి ఎప్పుడు పెయింట్ వేశారు? గోడ గీకి తింటుందా? గిన్నెలకు కళాయి వేయిస్తారా? పాత బ్యాటరీల పని ఎవరైనా చేస్తారా?

"ఎందుకు మేడమ్ ఇవన్నీ?"

"సీసం పరీక్ష రాస్తున్నాను. ఒంట్లోకి సీసం చేరితే కడుపు నొప్పి, రక్తం తగ్గడం, మాట వెనక్కి పోవడం, అన్నీ ఉంటాయి. ఇది నీ ఒక్క బిడ్డ సంగతి కాదమ్మా. ఏ దేశంలో చూసినా ఉన్నారు ఇట్లాంటి పిల్లలు. ఒకచోట పెయింటు, ఒకచోట బ్యాటరీలు, ఒకచోట వంట గిన్నెలు, మసాలాలు. వెతికితేనే తెలుస్తుంది."

మీ వ్యాపారమేంది అని అడిగారు. కిరాణా, ధాన్యం అన్నాను. ధాన్యం కూడా ఉంది మా దగ్గర, అబద్ధం కాదు.

పాలిష్ చివర్లో డ్రమ్ములో చల్లే రంగు గురించి చెప్పలేదు. అది గోడౌన్ సంగతి. మేము తినే కొమ్ములు అత్త రంగు పడకముందే తీసి, విడిగా ఆడించి, డబ్బాలో పెడుతుంది. ఇంటి పసుపు వేరే.

మార్చి 5

సీసం అంటే అత్తకు అర్థం కాలేదు. "సీసా ముక్క మింగిందా ఏంది?" అని పాప నోరు తెరిచి చూసింది.

మార్చి 12, బుధవారం

ముప్పై నాలుగు.

రక్తంలో సీసం అసలు ఉండకూడదట. ఐదు దాటితేనే జాగ్రత్త పడాలట. డాక్టరు గారు కాగితం నా వైపు తిప్పి పెట్టారు. నేను ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. ఆమె చెప్పిన వాటిలో సగం వినలేదు. ఐరన్ మందు, కాల్షియం మందు, ఇల్లు తడిగుడ్డతో తుడవాలి, తినేముందు చేతులు కడగాలి. నెలన్నరకు మళ్ళీ రక్తం.

"ఇంకా ఎక్కువ ఉంటే ఆసుపత్రిలో పెట్టి సీసం తీసే మందు ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పటికి అది అక్కరలేదు. కానీ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలి. అది ఆగకుంటే నేనేం ఇచ్చినా లాభం లేదు."

"పోయిన మాటలు మళ్ళీ వస్తాయా మేడమ్?"

"చాలావరకు వస్తాయి. అన్నీ వస్తాయని నేను చెప్పలేను."

బస్సులో కడప నుంచి మైదుకూరు దాకా పాప నా ఒళ్ళో నిద్రపోయింది. నేను దాని చేతి వేళ్ళు లెక్కపెడుతూ వచ్చాను, ఎందుకో.

మార్చి 13

కాటుక పారేశాను. రంగు బొమ్మలు పారేశాను. ఉయ్యాలకు ఆకుపచ్చ పెయింట్ ఉంది, అటక మీద వేయించాను. ఇత్తడి గిన్నెలు పక్కన పెట్టాను. అత్త వాటిని మళ్ళీ తెచ్చి అరలో పెట్టింది. నేను మళ్ళీ తీశాను.

మార్చి 15

వంటింటి గోడ కొంత పెచ్చులూడింది. అదే అయి ఉంటుంది. కచ్చితంగా అదే.

మార్చి 16

ఆ గోడకు పాత కేలండర్లు అతికించాను. ఇల్లు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తడిగుడ్డ పెట్టి తుడుస్తున్నాను. బకెట్లో నీళ్ళు పచ్చగా వస్తున్నాయి. పసుపు వ్యాపారం ఇల్లు, రాకుండా ఎలా ఉంటాయి.

డాక్టరు గారికి ఇవ్వడానికి వంటింటి డబ్బాలోంచి పసుపు, కారం, ధనియాల పొడి పొట్లాలు కట్టాను. బెంగుళూరులో పరీక్ష చేయిస్తారట. గోడౌన్ నుంచి ఏమీ తీసుకోలేదు. ఆమె తినేవి తెమ్మంది.

మార్చి 19

గోడౌన్ వెనక గదిలో ఓబుళేశు కాపురం ఉంటాడు. డ్రమ్ము తిప్పేది అతనే. పెళ్ళాం నాగక్క సంచులు కుడుతుంది. వాళ్ళకు జీవిత అని ఒక ఆడపిల్ల, రెండేళ్ళు దాటాయి.

పాపను వెతుక్కుంటూ పోతే నాగక్క గుమ్మంలో కూర్చుని సంచి కుడుతోంది. జీవిత గోడకు ఆనుకుని గోరుతో సున్నం గీకి నోట్లో వేసుకుంటోంది. ఇంకా సరిగ్గా నడవదు. చేతులు, కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. రెప్పల వెంట్రుకలకు కూడా పసుపు పట్టి ఉంది.

"మట్టి తింటాది, గోడ తింటాది, అన్నం తప్ప అన్నీ తింటాదమ్మా ఇది" అంది నాగక్క, నవ్వుతూనే. "పొద్దుగూకులూ కడుపు నొస్తాదంటాది. మీ పాపకు కూడా అట్లే ఉండాదంట గదా? డాక్టరేమన్నె?"

"రక్తం తక్కువ అన్నారు" అన్నాను.

జీవితకు బిస్కట్ పొట్లం ఇచ్చి వచ్చేశాను.

వాళ్ళకు తిండి సరిగ్గా ఉండదు. అందుకే ఆ పిల్ల అలా ఉంది.

మార్చి 23, ఆదివారం

భోజనం చేస్తుంటే మా ఆయన్ని అడిగేశాను. "డ్రమ్ములో వేసే రంగులో ఏముండాది?"

"రంగులో రంగుండాది."

"పెండ్లయిన కొత్తలో పసుపు పొడి కలిపిన నీళ్ళే చల్లుతారని చెప్పినారు మీరు. ఆ డబ్బా మీద ఎందుకు పేరు లేదు?"

చెయ్యి ఆపాడు. "అందరూ వేస్తాండారంటాడు మా నాయన. అది పడకుంటే కొమ్ము నల్లగా కనపడుతుంది. బయటి వ్యాపారి చేత్తో కూడా ముట్టడు. ఏం జేయమంటావు?"

"పాపకు ముప్పై నాలుగు ఉండాది."

"మనం తినేదాంట్లో లేదు గదా విద్యా! ఇంటి పసుపు వేరే గదా!"

గొంతు పెంచాడు. తరువాత ఆయనే లేచి పాపకు పెరుగన్నం కలిపి తినిపించబోయాడు. చొక్కా చేతుల మీద పచ్చటి పొడి. పాప ఆ చేతిని పట్టుకుని వేళ్ళు నాకింది. నేను చూశాను. ఆయన కూడా చూశాడనే అనుకుంటున్నాను.

మార్చి 24

రేపటి నుంచి పాపను గోడౌన్‌కు పంపను.

మార్చి 25

పంపాను. మామ ఎత్తుకుని గుమ్మం దాటేశాడు. కాదంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలి.

మార్చి 30, ఉగాది

గడపకు పసుపు రాయడానికి వంటింటి డబ్బా తీశాను. అత్త నా చేతిలోంచి లాక్కుంది. "అది వంటకు. గడపకు దుకాణంది చాల్లే" అని సంచిలో నుంచి గిన్నె నిండా తెచ్చింది. ఎంత మెరుస్తుందో ఆ పసుపు. తలవాకిలి, వంటింటి గడప, దేవుని గది, అన్నిటికీ దట్టంగా రాసింది.

నేను మామిడాకులు కడుతూ వెనక్కి తిరిగి చూస్తే నాగశ్రీ గడప మీద కూర్చుని, వేలితో రాసి, వేలు నోట్లో పెట్టుకుని ఉంది.

పోయి కొట్టాను. చెంప మీద. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఒక్క దెబ్బ వేయలేదు. ఏడవలేదు అది. నా వైపు చూసి వేలు మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

అందరూ వచ్చారు. పండగ పూట పిల్లను కొట్టిందని అత్త ఏడ్చింది. నేను బకెట్ తెచ్చి మూడు గడపలూ కడిగాను. అశుభం అన్నారు.

ఏప్రిల్ 2, బుధవారం

డాక్టరు గారు ఫోన్ చేశారు. వంటింటి పొడుల్లో సీసం లేదట. కారంలో లేదు, ధనియాల్లో లేదు, పసుపులో అసలే లేదట. "మంచి పసుపమ్మా" అన్నారు.

సంతోషంగా కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. అన్నం మాడిన వాసన వచ్చింది.

మంచి పసుపు ఏదో మా ఇంట్లో తెలుసు. అంటే చెడ్డది ఏదో కూడా తెలుసు.

పెరట్లో అత్త చింతకాయలు దంచుతోంది. పోయి ఎదురుగా కూర్చున్నాను.

"అత్తా, ఇంటి పసుపు ఎందుకు వేరే పెడతావు?"

"నేను కాపరానికి వచ్చినప్పుడు మా అత్త అట్లే పెడతాండె."

"ఎందుకని అడగలేదా?"

"అడిగితే చెప్తారా?"

"నీకేమనిపించె?"

రోకలి పక్కన పెట్టింది. సుందరలక్ష్మి అంటే వీధంతా భయపడే మనిషి. నా వైపు చూడకుండా చెప్పింది. "రంగు మంచిది కాదని తెల్సులే. ఎవరికో యాడనో కదా పోయేది అనుకుంటి. మన పిల్లోళ్ళ నోట్లోకి వస్తాదని నాకేం తెల్సు?"

ఏప్రిల్ 3

మామకు చెప్పాను. పాప భుజం మీద ఉంది. దించమని అడిగాను.

"నా మనవరాలికి నేను ఇసం పెడతానా అమ్మా?" ఆయన పాపను గట్టిగా పట్టుకున్నాడు. "మా నాయన వేసె. నేను యాభై ఏండ్లుగా ఆ దుమ్ములోనే ఉండా. నేను చచ్చినానా? మీ ఎర్రగుంట్లలో సిమెంటు దుమ్ము లేదా? పుట్టింట్లో ఉన్నప్పుడు నువ్వు పీల్చలేదా? అదే వచ్చింటాది బిడ్డకు."

"ఒక్క నెల పాపను అక్కడే పెట్టి చూస్తా మామా. దుమ్ము ఏదో తెలిసిపోతాది."

పాపను దించాడు. చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు, పొడి రాల్చినట్టు. నేల మీద రాలింది కూడా.

ఏప్రిల్ 5

ఎర్రగుంట్ల వచ్చేశాము. మా ఆయన బస్సెక్కించాడు. కిటికీ దగ్గర నిలబడి ఏదో అనబోయి, "బిస్కట్లు తీసుకున్నావా?" అన్నాడు.

ఏప్రిల్ 9

ఇక్కడ చెట్ల ఆకుల మీద కూడా సిమెంటే. లారీలు పోతుంటే అమ్మ తలుపులు మూస్తుంది. నాన్న ఫ్యాక్టరీ నుంచి రాగానే పెరట్లో స్నానం చేసి గానీ పాపను ఎత్తుకోడు. నేను చెప్పలేదు, ఆయనకే తోచింది.

ఏప్రిల్ 14

విరేచనం సాఫీగా అయింది. ఇది కూడా డైరీలో రాసుకునే సంగతేనా అని ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ.

ఏప్రిల్ 17

రాయాల్సింది ఒకటుంది. రేపు రాస్తాను.

ఏప్రిల్ 18

ఏమీ లేదు.

ఏప్రిల్ 22

ఒక రొట్టె మొత్తం తినింది. రైల్వే గేటు దగ్గరకు తీసుకుపోయి గూడ్సు బండి చూపించాను. "లైలు" అంది. నలభై మూడులో లేని మాట. కొత్తది.

తిరిగి వస్తుంటే ఎవరి పిల్లో గోడ నీడన కూర్చుని ఆడుకుంటోంది. ఆ పిల్ల వేలు నోట్లో పెడుతుందేమోనని, లేచి పోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఆలస్యం ఎందుకని అమ్మ అడిగితే ఎండ వల్ల అని చెప్పాను.

ఏప్రిల్ 29

ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతున్నాను. అమ్మ అడిగింది, "బిడ్డ తేరుకుంటాంటే నీకేం వచ్చిందే?" అని.

మే 8, గురువారం

ఇరవై ఒకటి.

ముప్పై నాలుగు నుంచి ఇరవై ఒకటి. డాక్టరు గారు కుర్చీలోంచి లేచి పాప తల నిమిరారు. "ఎక్కడి నుంచి వచ్చిందో అది ఆగింది. ఏంది మీరు మార్చింది?"

"ఊరు మార్చినాము" అన్నాను.

ఆమె కలం పక్కన పెట్టారు. "ఆ ఇంట్లో ఇంకెవరైనా చిన్నపిల్లలు ఉన్నారా?"

"లేరు" అన్నాను. ఇంట్లో లేరు.

మే 9

మా ఆయన వచ్చాడు. కాగితం చేతికిచ్చాను. నిలబడే చదివాడు, తరువాత మంచం మీద కూర్చుని చదివాడు. పాప పోయి ఆయన మోకాలు పట్టుకుని "నాన, లైలు" అంది. ఆయన ఏడ్చాడు. పెళ్ళైన ఆరేళ్ళలో నేను చూడలేదు.

"నాయనతో మాట్లాడతా. వచ్చే ఏడాది నుంచి రంగు ముట్టం."

"ఇప్పుడున్నది?"

"డ్రమ్ములో తిరిగి సంచులకు ఎక్కింది విద్యా. బయటి వ్యాపారికి ఇస్తామని మాటిచ్చింటాము."

"ఓబుళేశు బిడ్డ?"

కాగితం మడత పెట్టసాగాడు.

"పొద్దున లేస్తే ఆ డ్రమ్ము పక్కనే ఉంటాది ఆ పిల్ల. గోడ గీకి తింటాంటే నేను చూసినా. మార్చిలో చూసినా."

"వాళ్ళకు చెప్తే ఊరంతా తెలుస్తాది. నాయన తలెత్తుకోలేడు."

అరవబోయాను. ఆయన అన్నదే రెండు నెలలుగా నేను మనసులో అనుకుంటున్నాను. ఆయన పైకి అన్నాడు, అంతే. తిండి లేక ఆ పిల్ల అలా ఉందని ఈ డైరీలోనే రాశాను. నాగక్క తన బువ్వ కూడా ఆ పిల్లకు పెడుతుందని నాకు తెలుసు.

మే 12, సోమవారం

పాపను అమ్మ దగ్గర వదిలి మైదుకూరు పోయాను. ఇంటికి పోలేదు. నేరుగా గోడౌన్ వెనక్కి పోయాను. డ్రమ్ము తిరుగుతూనే ఉంది. ఓబుళేశు తలకు తువ్వాలు చుట్టుకుని, అరికాలు నుంచి నుదురు దాకా పసుపుతో ఉన్నాడు.

నాగక్క నన్ను చూసి నీళ్ళు తెచ్చింది. "పాప బాగుండాదంట గదమ్మా. శెట్టెమ్మ చెప్పె" అంది. మా అత్తను అందరూ అట్లే అంటారు.

ఎలా మొదలు పెట్టాలో దారి పొడుగునా అనుకున్నాను. ఏదీ గుర్తు రాలేదు. "నాగక్కా, జీవితను కడపకు తీసుకుపోదాం. రక్తం పరీక్షకు. ఇప్పుడే" అన్నాను. "ఈ పసుపుకు వేసే రంగులో సీసం ఉండాది. అది ఒంట్లోకి పోయే మా పాప అట్ల అయింది. జీవితకు కూడా అదే అనుకుంటాండా."

నాగక్క పోయి జీవితను గోడ దగ్గర నుంచి ఎత్తుకుంది. కొంగుతో పిల్ల మూతి తుడిచింది. కొంగు నిండా పసుపే. అది చూసుకుని, కొంగు వదిలేసి, అరచేత్తో తుడిచింది. చేయి కూడా పసుపే.

"నీకు ఎప్పుడు తెల్సింది అమ్మా?"

ఏప్రిల్ అందామనుకున్నాను. ఏప్రిల్‌లో వంటింటి పరీక్ష వచ్చింది కదా, అదీ అబద్ధం కాదు.

"మార్చి" అన్నాను. "మార్చి పన్నెండు."

"ఆ పొద్దు బిస్కట్లిచ్చి పోతివే, అప్పుడా?"

"అది తరువాత. మార్చి పంతొమ్మిది."

ఆమె పెద్దగా అరవలేదు. "ఓబుళేశూ, మిషను నిలుపు" అని మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. ఆమె ఆయన్ని పేరుతో పిలవడం నేనెప్పుడూ వినలేదు. డ్రమ్ము ఆగిపోయింది. అంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలీదు ఆ చోటు.

మా ఆయన కారు తీసుకొచ్చాడు. ఎవరు చెప్పారో. వెనక తలుపు తెరిచి నిలబడ్డాడు. మామ గోడౌన్ ముందు గుమ్మంలో ఉన్నాడు. "యాడికి?" అని అడిగాడు. మేము ఎక్కి కూర్చున్నాక కారు కదిలింది.

మే 20

జీవితకు యాభై ఎనిమిది.

మే 23, కర్నూలు

పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు, కడప డాక్టరు గారే పంపించారు. సీసం తీసే మందు తెప్పించి ఇస్తున్నారు. రక్తం కూడా ఎక్కించారు. జీవిత చెయ్యి అంత చిన్నది, సూదికి నరం దొరకలేదు, నాలుగుసార్లు గుచ్చారు. నాగక్క పిల్ల తల పట్టుకుని కదలకుండా కూర్చుంది. నేను కాళ్ళు పట్టుకున్నాను. పట్టుకోమని ఆమె అడగలేదు, వద్దనీ అనలేదు.

ఈ నెల పన్నెండో తేదీ నుంచి ఆమె నాతో మాట్లాడలేదు.

డాక్టరు ఫారం తెచ్చి అడిగాడు, సీసం ఎక్కడి నుంచి వచ్చిందని. ఓబుళేశు నేల చూశాడు. నాగక్క నా వైపు చూసింది.

"మైదుకూరు. పసుపు గోడౌన్. నాగసుబ్బయ్య అని రాయండి" అన్నాను. "మా మామ. రంగు డబ్బాలు గోడౌన్ లోపలి గదిలో ఉన్నాయి. సంచులు ఇంకా అక్కడే ఉన్నాయి, పోకముందే చూడమనండి."

ఆయన రాసి, సంతకం చేస్తారా అని అడిగాడు. చేశాను. చేతి రాత నాది కానట్టు వచ్చింది.

మే 24

వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నూట పది అడుగులు.

మే 26

జీవిత పాలు అడిగింది. తనంతట తానే అడిగింది. నాగక్క గ్లాసు కడగడానికి లేస్తే నేను తీసుకున్నాను. వదిలింది.

మే 28, బుధవారం

పొద్దున మా ఆయన ఫోన్ చేశాడు. ఆహార తనిఖీ అధికారులు వచ్చారట. తాళం చెవి తనే తీసిచ్చాడట. నమూనాలు తీసి, సంచులన్నీ లోపల పెట్టి, తలుపుకు సీలు వేశారట. "నాయన గోడౌన్లోంచి నడుచుకుంటా పోయినాడు విద్యా. ఇంటికి రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు. నాకు భయంగా ఉండాది." అత్త వెనక ఏడుస్తోంది, వినిపించింది.

నా వల్లే అని ఆయన అనలేదు. అని ఉంటే నేను ఏమనేదాన్నో కూడా తెలీదు. మధ్యాహ్నం దాకా వరండాలో తిరిగాను. నర్సు కసురుకుంది.

మూడున్నరకు మామ మెట్లెక్కి వచ్చాడు.

మైదుకూరు నుంచి ఎండలో బస్సు మీద వచ్చినట్టున్నాడు. తువ్వాలు లేదు. గోడౌన్లో కట్టుకునే పంచె, చొక్కాతోనే వచ్చాడు. అధికారులు సంచులు దించుతుంటే పక్కన నిలబడ్డాడేమో, భుజాలు, మీసాలు, చెవులు అంతా పసుపు. నన్ను దాటుకుని వార్డు గుమ్మం దగ్గరకు పోయాడు. నన్ను చూశాడో లేదో.

"నాగక్కా, బిడ్డెట్లుండాది?" అన్నాడు.

లోపల జీవిత మంచం మీద కూర్చుని ఉంది. నాగక్క లేచింది. ఆమె ఈ ఆరేళ్ళలో మామ ఎదురుగా నిటారుగా నిలబడడం నేను చూడలేదు. ఎప్పుడూ తల మీద కొంగు, పక్కకు జరగడం. ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆడనే నిలబడు శెట్టీ. ఆ గుడ్డలతో లోపలికి రావద్దు."

మామ తన చొక్కా వైపు చూసుకున్నాడు. వార్డులో పక్క మంచాల వాళ్ళంతా ఇటే చూస్తున్నారు. యాభై ఏళ్ళుగా బజారులో ఎదురు మాట ఎరగని మనిషి. తిట్టి పోతాడనుకున్నాను. లేదా అక్కడే కూలబడతాడని భయపడ్డాను.

వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. నేను కిటికీ దగ్గరకు పరుగెత్తాను. ఆవరణలో కొళాయి దగ్గర ఆడవాళ్ళు గిన్నెలు కడుగుతున్నారు. వాళ్ళు పోయేదాకా నిలబడ్డాడు. చొక్కా విప్పాడు. కొళాయి కింద తల పెట్టాడు. చేతులు, మెడ, చెవుల వెనక, మీసాలు, సబ్బు లేకుండా గోళ్ళతో రుద్దుకున్నాడు. కాలువలో నీళ్ళు పచ్చగా పోతున్నాయి. తెల్లగా వచ్చేదాకా ఆయన లేవలేదు.

గేటు బయట బట్టల కొట్లో తెల్ల పంచె కొనుక్కుని, అదే కట్టుకుని, ఒంటి మీద ఏమీ లేకుండా పైకి వచ్చాడు. తడి జుట్టు. నడుస్తుంటే అంత ముసలివాడని ఈ రోజే తెలిసింది. గుమ్మం దగ్గర ఆగాడు. ఈసారి ఏమీ అడగలేదు.

నాగక్క ఆయన చేతులు తిప్పి చూపించమంది. చూపించాడు. గోళ్ళ సందుల్లో ఇంకా ఉంది.

"సబ్బు ఉండాది, ఇదో" అని మంచం కింద నుంచి తీసి, ఆయన చేతికి కాదు, నా చేతికి ఇచ్చింది. "పోయి ఆయన చేతులు కడిగించి పిలుచుకొని రా, అమ్మా."